ఎదురుకాళ్ల పిల్ల

ఆరేళ్లు నిండకముందే నేను ఊళ్లో పెద్దమనుషుల వీపులన్నీ తొక్కాను. గొప్ప చెప్పుకోవడం కాదు, జరిగిన సంగతి చెబుతున్నాను.

మాది కొల్లాపూర్ దగ్గర, కృష్ణ ఒడ్డుకు రెండు కోసుల దూరంలో ఒక ఊరు. గొర్రెలు మేపే ఇల్లు. ఇంట్లో నేను మూడో ఆడపిల్లను. రజాకార్ల గొడవ సద్దుమణిగి, జనం మళ్లీ నిమ్మళంగా పడుకుంటున్న రోజులవి. తల బదులు కాళ్లు ముందు బయటపెట్టి పుట్టిన బిడ్డను మా వైపు ఎదురుకాళ్ల పిల్ల అంటారు. అట్లాంటి పిల్ల మూడు పొద్దులు పరగడుపున ఎడమ కాలితో తొక్కితే పట్టేసిన నడుము విడుస్తుందని నమ్మకం. మా ఊరికీ, చుట్టుపక్కల నాలుగు ఊళ్లకూ ఆ పిల్లను నేనే.

పొద్దున నేను మొహం కడుక్కోకముందే వాకిట్లో ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. మా అవ్వ, అంటే బాపును కన్న తల్లి, వచ్చి నా మీది గొంగడి గుంజేది. "లేవే లేవే, వీపులొచ్చినయ్!" అని కేకేసేది. మనుషులు వచ్చారని కాదు, వీపులు వచ్చాయని. వాళ్లూ అంతే. నన్ను పిల్ల అని చూసినవాడు లేడు, కాలు అని చూశారు. మామూలు రోజుల్లో మా గొర్రెలు చేను గట్టెక్కితే బూతులు తిట్టే పెద్దరైతు ఒకాయన ఉండేవాడు. నడుము పట్టిందంటే చాలు, నా మట్టికాలి కింద నోరు మూసుకుని పడుకునేవాడు. మూడోసారి తొక్కగానే లేచి, దుమ్ము దులుపుకుని, తలగుడ్డ చుట్టుకుని మళ్లీ పెద్దరైతు అయిపోయేవాడు. నాకు వాణ్ని ఇంకో రెండు తొక్కులు తొక్కాలని ఉండేది.

తొక్కగా తొక్కగా నా అరికాళ్లకు ఒక తెలివి వచ్చింది. వీపంతా ఒక్కతీరుగా ఉండదు. ఒకచోట నానిన పప్పులా దిగుతుంది, ఒకచోట గట్టిగా ఎదురు తిరుగుతుంది. మనిషి ఊపిరి వదిలేటప్పుడు బరువు వేస్తే వీపు ఆ బరువును లోపలికి తీసుకుంటుంది. ఊపిరి బిగపట్టినప్పుడు వేస్తే అస్సలు ఒప్పుకోదు. ఇది నాకెవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లకు తెలిస్తే కదా!

చేతి పని మాత్రం బాపు దగ్గర నేర్చుకున్నాను. నేర్పుతున్నానని ఆయన అనుకోలేదు, నేర్చుకుంటున్నానని నేనూ అనుకోలేదు. మంద వెంట పోయినప్పుడు ఏ గొర్రెకైనా కాలు బెణికినా, ఈనిన తర్వాత నడుము లేవకపోయినా, బాపు దాని పక్కన చతికిలబడి, రెండు అరచేతులు రుద్ది వేడి చేసుకుని, ఊరికే దాని ఒంటికి ఆనించేవాడు. ఎంతసేపైనా అట్లాగే ఉండేవాడు. నాకు విసుగొచ్చి, "గుంజు బాపూ, అయిపోతది," అనేదాన్ని.

"నువ్వు గుంజితే అది గూడ గుంజుతది బిడ్డా," అనేవాడు. "దానికి నోరు లేదాయె. భయం పోయినంక అదే ఇడుస్తది. అప్పుడు జర జరుపాలె. గంతే."

భయం పోయిందని ఎట్లా తెలుస్తుందని అడిగితే నా చెయ్యి తీసుకుని గొర్రె పక్కటెముకల మీద పెట్టాడు. గబగబా ఎగిరిపడుతున్న ఆ పక్క కాసేపటికి నిదానించింది. నా అరచేతి కింద తోలు వదులైంది. గొర్రె ఒక నిట్టూర్పు విడిచి తల నేలకు వాల్చింది. "ఇగో, గిప్పుడు," అన్నాడు బాపు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా మేనమామ వచ్చాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పల్లికాయ బస్తా ఎత్తబోతే నడుము పట్టేసింది. అప్పటికి ఆయనకు కొత్తగా పెళ్లయింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాడు. అందరిలోకీ ఆయనకే నేను కాలుగా కాకుండా పిల్లగా కనిపించేదాన్ని. ఆయన నడుము రెండు పొద్దులు తొక్కినా విడవలేదు. మూడో పొద్దున అవ్వకు రోషం వచ్చింది. ఎదురుకాళ్ల పిల్ల ఉన్న ఇంట్లో కోడలి తమ్ముడికే నయం కాకపోతే ఊరేమంటుంది!

"పిసికినట్టు తొక్కుతవేందే! తన్ను! ఎగిరి తన్ను!" అంది.

నేను తన్ననన్నాను. నా కాలి కింద ఆ నడుము బెదిరిన గొర్రె పక్కలాగే బిగుసుకుని ఉంది. "భయపడుతున్నడు అవ్వా," అన్నాను. అందరూ నవ్వారు. మేనమామ కూడా నవ్వాడు. "నాకేం భయమే, తన్ను," అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు నన్ను చెరో రెక్క పట్టి పైకెత్తి, ఆయన నడుము మీద వదిలారు.

ఎండుపుల్ల విరిగినట్టు ఒక చప్పుడైంది. ఆయన అరవలేదు. "హమ్మ" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత ఆయన నిటారుగా నిలబడింది లేదు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ, నేల మీద ఏదో వెతుక్కుంటున్నట్టు వంగి నడిచేవాడు. ఊళ్లో నన్ను ఒక్కరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. తప్పు ఆయన మీదే వేశారు. ఆ పొద్దున పరగడుపున రాకుండా గుక్కెడు అంబలి తాగి వచ్చాడట! నియమం తప్పాడట! అందుకే వికటించిందట! మనిషి నడుము విరిగి పడి ఉంటే తప్పంతా అంబలి మీదికి తోసిన ఆ నోళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ ఆ రోజు గొర్రెల దొడ్డి వెనక్కి పోయి చాలాసేపు రాలేదు. తమ్ముడి కోసం ఏడుస్తోందనుకున్నాను.

ఆ రోజు నుంచి నేను ఎవరి వీపూ తొక్కలేదు. తొక్కుతున్నానని వాళ్లు అనుకున్నారు, అంతే. బోర్లా పడుకున్నవాడికి తన వీపు కనబడదు కదా! అవ్వ కళ్లకు పొర కమ్మింది, చూపు ఆనదు. ఇంకెవరైనా చూస్తే కాలి గుణం పోతుందని నేనే ఒక నియమం పుట్టించాను. ఒక్కొక్కరే రావాలి, మిగతావాళ్లు దడి అవతలే కూర్చోవాలి. ఇన్ని నియమాలు నమ్మినవాళ్లు ఇంకొకటి నమ్మలేరా? తలలూపి దడి అవతల కూర్చున్నారు. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులు రుద్దుకుని, అరచేతి మొదలు వీపుకు ఆనించి, వాళ్ల ఊపిరితో పాటు బరువు వేసేదాన్ని. విదిలించడం లేదు, కుదపడం లేదు. లేచి నిలబడి, "ఏం కాలే తల్లీ నీది!" అని దండం పెట్టి పోయేవారు. నాకు నవ్వు ఆగేది కాదు. అమ్మ ఒక్కతే అంతా చూసేది. చూసి, చాట తీసుకుని లోపలికి పోయేది.

అట్లా చేతులతో వెతుకుతూ వెతుకుతూ ఒంట్లో కొన్ని జాగాలు కనిపెట్టాను. నొప్పి ఒకచోట ఉంటే దాన్ని విడిపించే జాగా ఇంకోచోట ఉండేది. మోకాలి వెనక గుంటలో బొటనవేలు ఆనించి ఓపికగా పట్టుకుంటే నడుము వదులయ్యేది. చీలమండ వెనక, మడమ నరానికి పక్కన ఇంకొకటి ఉంది. మొన్నీమధ్య పట్నంలో ఆక్యుపంక్చర్ అని సన్నసన్న సూదులతో వైద్యం చేసే డాక్టరమ్మకు ఆ జాగాలు చూపించాను. ఆమె బిత్తరపోయి, "మేమూ అక్కడే గుచ్చుతామండీ, చీనావాళ్లు ఎప్పుడో కనిపెట్టారు, మీకెవరు నేర్పారు?" అని అడిగింది. ఎవరు నేర్పుతారమ్మా! పడుకున్న వీపులు నేర్పాయి.

పదహారో ఏట నన్ను నల్లగొండ జిల్లాకు, దేవరకొండ వైపు ఒక ఊరికి ఇచ్చారు. ఎరువు కోసం రైతులు గొర్రెల మందను తమ చేలల్లో పడుకోబెట్టించుకుంటారు. బాపు అట్లా మంద తోలుకుపోయినప్పుడు కుదిరిన సంబంధం అది. వ్యవసాయం ఇల్లు, పక్కన ఓ ఇరవై గొర్రెలు. అత్త నన్ను చూడవచ్చి మొహం కన్నా ముందు పాదాలు చూసింది. ఆమెకు ఎప్పుడూ నడుము నొప్పే. "ఇంట్లనే మందున్నట్టు," అని మురిసిపోయింది. అత్త మనసు మంచిదే, నోరే కారం. ఆమె నడుమునూ నేను చేత్తోనే చూసేదాన్ని. ఆమె కూడా కాలనే అనుకునేది.

మామగారితో మాత్రం నాలుగేళ్లలో ఒక్క మాట మాట్లాడలేదు. కోడలు మామ ఎదుట పడితే కొంగు కప్పుకుని పక్కకు తప్పుకోవాలి. ఆయన వాకిట్లోకి వచ్చేముందు దగ్గాలి. ఇద్దరం ఆ పద్ధతి తప్పలేదు. ఆయన దగ్గును బట్టి ఆకలితో వచ్చాడో కోపంతో వచ్చాడో చెప్పగలిగేదాన్ని.

ఆ ఎండాకాలం ఆయన బావి దగ్గర ఎడ్లతో నీళ్లు తోడే మోట తోలుతుండగా తాడు తెగింది. ఎడ్లు దిగువకు నడిచేటప్పుడు తాడు మీద కూర్చుని బరువు వేయడం ఆయనకు అలవాటు. తెగేసరికి ఎగిరి రాళ్ల మీద పడ్డాడు. నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. దేవరకొండ దవాఖానకు బండి కట్టారు గానీ, ఊరు దాటకముందే ఆ కుదుపు తట్టుకోలేక వెనక్కి తిప్పమని మొత్తుకున్నాడు. దవాఖాన కంపౌండరు సైకిలు మీద వచ్చి, అటూ ఇటూ నొక్కి చూసి, ఎముక విరగలేదు, నరాలు పట్టుకున్నాయి, కుదపకండి అని గోలీలిచ్చి పోయాడు. ఇరవై రోజులైనా ఆయన పక్కకు తిరగలేకపోయాడు. ఎవరి సలహానో విని నడుముకు రెండు వైపులా కొడవలి మొన కాల్చి వాతలు పెట్టించారు. నొప్పి నొప్పిలాగే ఉంది, పుండ్లు కొత్తగా చేరాయి. మంచం పట్టిన మనిషి వానాకాలం దాటడని ఊళ్లో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి.

అప్పుడు అత్త నా దగ్గరికి వచ్చి, "తొక్కు," అంది.

మామను కోడలు తొక్కొచ్చా అంటే, దానికీ ఒక పద్ధతి ఉంది. పసుపు నీళ్లతో కాళ్లు కడుక్కోవాలి, వీపు మీద కొత్త బట్ట పరవాలి, తొక్కినాక పెద్దాయన పాదాలకు మొక్కాలి. దాంతో దోషం పోతుంది. కాలికి అన్ని ఏర్పాట్లూ ఉన్నాయి.

"తొక్కను," అన్నాను.

"ఏందీ?"

"కాలు పెట్టనత్తా. చెయ్యి పెడత. రోజూ జరసేపు, మెల్లగ. పదిహేను దినాలు నాకు వదిలేయుండ్రి."

అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. "మామ ఒంటి మీద కోడలు చెయ్యేస్తదా! సిగ్గు లేదానే నీకు? ఊళ్లె తలెత్తుకొని తిరగాల్నా వద్దా మేము?"

చూడండి ఎట్లా ఉందో! కాలితో తొక్కితే వైద్యమట. చేత్తో పడితే సిగ్గుమాలినతనమట.

"నా కాళ్ల కింద మా మేనమామ నడుం ఇరిగింది. ఇంకో మనిషిని నేను పండబెట్టను," అన్నాను.

"ఆయన అంబలి తాగిండట గదా," అంది అత్త.

ఆ అంబలి కొల్లాపూర్ నుంచి దేవరకొండ దాకా నడిచి వచ్చిందన్నమాట! ఇక దాచి లాభం లేదని, "నీ నడుం గూడ నేను ఎన్నడు తొక్కలే అత్తా, అన్నిసార్లు చేతులే పెట్టిన," అని చెప్పేశాను.

"అబద్దం!" అంది. "కాలేదో చెయ్యేదో నాకు తెల్వదా!"

మా ఆయన మంచివాడే, తల్లి ముందు మాత్రం నోరు లేవదు. నన్ను దొడ్డివైపు పిలిచి, "ఒక్కసారి పెడితే ఏం బోయిందే?" అన్నాడు.

"పొయ్యేది మీ నాయిన నడుమే. అంతగనం ఉంటే నువ్వు తొక్కు, నేను చూస్త," అన్నాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇట్లా ఐదు రోజులు నడిచింది. అత్త నాతో మాట మానేసింది. అన్నం మాత్రం పెట్టేది, గిన్నె చప్పుడయ్యేట్టు పెట్టేది. నీళ్లకు పోతే బావి దగ్గర ఒకామె, "మామ సావాలని చూస్తాంది," అంది, నాకు వినబడేట్టుగానే. నేను కుండ దించి ఆమె ఎదురుగా నిలబడి, "వినబడ్డది. ఇంకా గట్టిగ అను," అన్నాను. ఆమె తన కుండ ఎత్తుకుని పోయింది. నేను నీళ్లు నింపుకుని తొందరపడకుండానే ఇంటికి వచ్చాను. లోపల భయం లేదని అబద్ధమాడను. ఆయన పోతే, నేను బతికినన్ని రోజులూ ఆ ఊళ్లో మామను చంపినదాన్నే. అదే, తొక్కిన తర్వాత పోతే నన్నెవరూ ఏమీ అనరు. ఆ పొద్దున ఆయన ఏం తాగి పడుకున్నాడో వెతుకుతారు. అది తెలిసే నేను మరింత మొండికేశాను. నా పేరు మంచిగా ఉండడానికి ఒక మనిషి నడుము విరగ్గొట్టాలా? పోతే పోనీ పేరు.

ఆరో రోజు అత్త మా అమ్మకు కబురు పంపింది, కన్నతల్లి చెబితేనైనా వింటానని. కబురందగానే అమ్మ బయలుదేరి, రెండు బస్సులు మారి, ఆఖరి మూడు కోసులు ఎండలో నడిచి, ఓ మిట్టమధ్యాహ్నం వాకిట్లోకి వచ్చింది. కాళ్లకు నీళ్లు నేనిచ్చాను, తాగడానికి అత్త ఇచ్చింది. చూస్తుండగానే ఇరుగుపొరుగు చేరారు. మామగారి మంచం పందిరి కిందే ఉంది. వాతల పుండ్లతో వెల్లకిలా పడుకోలేక, గోడవైపు మొహం పెట్టి బోర్లా పడి ఉన్నాడు.

"నీ బిడ్డకు నువ్వన్న జర చెప్పు వదినె," అంది అత్త. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపే ఉంది. "దేవుడిచ్చిన కాలు పెట్టుకొని ఇంటి మనిషికే పెట్టనంటాంది. నా ఇల్లు ఆగమైతాంది."

అమ్మ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఈమె కూడా తొక్కమంటే ఈ జన్మలో మళ్లీ తల్లి మొహం చూడకూడదని ఆ నిమిషంలో అనుకున్నాను.

"అది ఎదురుకాళ్లతోని పుట్టలే," అంది అమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"అందరి లెక్కనే తలకాయతోనే పుట్టింది. నేనే అబద్దం చెప్పించిన."

నిలబడే చెప్పింది. నాకు ముందు ఇద్దరూ ఆడపిల్లలే. మూడోసారీ ఆడపిల్లే అయితే తల్లినీ పిల్లనూ ఇంట్లో ఉండనివ్వనని, కొడుక్కి ఇంకో పెళ్లి చేస్తానని అవ్వ ఒట్టు పెట్టుకుందట. "మంత్రసాని కాళ్ల మీద పడ్డ," అంది అమ్మ. "ఎదురుకాళ్ల పిల్ల అని చెప్పు తల్లీ, జర ఇలువుంటది, బతకనిస్తరు అని ఏడ్చిన. ఆమె బయటికి పోయి గట్లనే చెప్పింది. మా అత్త ఉరికొచ్చి పిల్లను ఎత్తుకున్నది. ఇద్దరు అక్కలను ఎన్నడు ఎత్తుకోలే, దీన్ని ఎత్తుకున్నది."

అత్తింటి జనం ముందు తల్లిని నిలదీయకూడదని నాకు తెలుసు. తెలిసే అడిగాను.

"మరి నీ తమ్ముడు? ఆయన పండుకున్న నాడు నోట్లె ఏం పెట్టుకున్నవే? మూడు పొద్దులు చూసినవ్! నన్ను ఎత్తి ఆయన మీద ఇడిసినప్పుడు గూడ ఆడనే ఉన్నవ్!"

"ఉన్న."

"ఒక్క మాట చెప్పకపోతివి!"

"చెప్తే నిన్నేం చేస్తరో అని," అంది. "వాడు మొగోడు, నడుం పోయినా బతుకుతడనుకున్న. నువ్వు బతకవనుకున్న." అమ్మ గొంతు వణకలేదు. వణికి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. "వచ్చే తొవ్వల దిగి వానికి చెప్పిన. అన్నీ చెప్పిన."

"ఏమన్నడు?"

"లోపలికి పోయి తలుపేసుకున్నడు."

పదకొండేళ్లుగా ఆ మనిషి వంగి నడుస్తున్నాడు. నేను తాగిన పాలు, తిన్న బువ్వ, అవ్వ ఒళ్లో పడుకున్న పడక, అన్నీ ఆ నడుము మీదే నడిచాయి. అమ్మ మీద నాకు అంత కోపం అంతకు ముందు లేదు, తర్వాతా రాలేదు. చెయ్యి ఎత్తుతానేమోనని భయమేసి కొంగు చేతికి చుట్టుకున్నాను.

అప్పుడు మంచం మీద నుంచి ఒక దగ్గు వినబడింది. నాలుగేళ్లలో నేను విన్న దగ్గుల్లో అట్లాంటిది లేదు. గబుక్కున తల మీదికి కొంగు లాక్కున్నాను.

"కాలు అబద్దమైతే అబద్దమే," అన్నాడు మామగారు, గోడతో మాట్లాడుతున్నట్టు. "ఆ పిల్ల మొదటి సంది చెయ్యి అనే అంటాంది గదా. చెయ్యే పెట్టనియ్యుండ్రి."

"ఊరు ఏమంటదయ్యా," అంది అత్త.

"వీపు నాది. ఊరిది గాదు. నువ్వు ఊకో."

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. మొదటి రెండు రోజులు ఆయన నడుము ముట్టుకోలేదు. మంచం కాళ్లవైపు కూర్చుని, ఆముదం రాసి వేడి చేసిన అరచేతుల్లో ఆయన మడమలు పట్టుకున్నాను. ఆ తర్వాత చీలమండలు, పిక్కలు, మోకాళ్ల వెనక గుంటలు. "నడుం నొస్తే కాళ్లు పట్టుడేంది!" అని అత్త గడపలో కూర్చుని గొణిగేది. మొదట సిగ్గుకు కాపలాగా కూర్చుంది. నాలుగో రోజుకు చూడవచ్చినవాళ్లను తరిమే కాపలా అయింది. ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టడానికి అమ్మ అందించేది. నేను తీసుకునేదాన్ని గానీ ఆమె మొహం చూసేదాన్ని కాదు.

నడుము మీద చెయ్యి పెట్టిన రోజు ఆయన ఒళ్లంతా కట్టెలా బిగదీసుకున్నాడు. పుండ్లకు తగలకుండా వెన్నుకు చెరోవైపు అరచేతులు ఆనించి ఊరికే ఉండిపోయాను. బరువు వేయలేదు, రుద్దలేదు. ఎంతసేపైందో తెలియదు, వీధిలో గొర్రెలు ఇళ్లకు మళ్లిన చప్పుడు వినబడింది. అప్పుడు ఆయన కడుపు లోతులో నుంచి ఒక ఊపిరి విడిచాడు. నా చేతుల కింద నడుము మెత్తబడింది. ఇన్నాళ్లూ ఆ మనిషిని అందరూ మోశారు, కాల్చారు, తిప్పారు. ఎవరూ ఆయన కోసం ఆగలేదు.

తొమ్మిదో రోజు ఆయన తనంతట తాను పక్కకు తిరిగాడు. పదిహేను రోజులు అడిగినదాన్ని నెల పట్టించాను. తొలకరి పడిన వారానికి కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు, ఎవరి సాయమూ వద్దని పెరట్లోకి ఒక్కడే పోయి వచ్చాడు. మళ్లీ మోట తోలలేదు, బరువెత్తలేదు. నిలబడ్డాడు, నాకది చాలు. ఆ పొద్దున అత్త నా ముందుకు వచ్చి, "చాయ తాగుతవా?" అంది. నేను కాలు పెట్టనన్న రోజు నుంచి ఆమె నాతో నేరుగా అన్న మొదటి మాట అదే.

ఊరు ఒప్పుకుందా? ఒప్పుకోలేదు! దిష్టి తగులుతుందని తల్లి అట్లా చెప్పింది గానీ పిల్ల ఎదురుకాళ్లదేనని తేల్చేశారు. వారం తిరగకముందే ఒకాయన చెంబులో పసుపు నీళ్లతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "కాలు కావాల్నంటే ఇంకో ఇల్లు చూస్కో. ఈడ చెయ్యి ఉన్నది. పండుకుంటవా, పోతవా?" అన్నాను. కాసేపు తటపటాయించాడు. అత్త లోపల నుంచి, "పండుకోవయ్యా, చెప్తాంది గదా!" అని అరిచింది. పడుకున్నాడు.

అమ్మ ఆ నెలంతా మా ఇంట్లోనే ఉంది. వియ్యపురాలి ఇంట్లో అన్ని రోజులు ఉండడం ఆమెకు ఎంత తలవంపులో నాకు తెలుసు. జొన్నలు విసిరింది, దొడ్డి ఊడ్చింది, కూలిమనిషిలా చేసింది. నేను పలకరించలేదు. వెళ్లిపోయే రోజు మూట కట్టుకుని, లేవబోతూ ఒక చెయ్యి నడుముకు ఆనించి ఇంకో చేత్తో గుంజ పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ అమ్మ అట్లానే లేచేది. అప్పుడు తట్టింది నాకు. నాలుగు ఊళ్ల వీపులు నా ముందు పడుకున్నాయి. అమ్మ వీపు ఒక్కటీ ఎన్నడూ పడుకోలేదు.

"మూట కింద పెట్టు," అన్నాను.

"బస్సు పోతదే."

"ఇంకో బస్సున్నది. పండుకో."

పందిరి కింద చాప వేశాను. అమ్మ నన్ను ఒకసారి చూసి, బోర్లా పడుకుంది. రవిక మీద నుంచి చేతులు ఆనించాను. ఎముకలు తప్ప ఏమీ లేవు. తన్నులు తినడానికి సిద్ధమైన మనిషిలా ఊపిరి బిగపట్టుకుని ఉంది.

"ఊపిరి ఇడువు," అన్నాను.

చాలాసేపటికి విడిచింది. మొహం చాపలోనే పెట్టి, "కోపం పోయిందా బిడ్డా?" అని అడిగింది.

"పోలె," అన్నాను. "కదలకు, పండుకో."